పందులకు కోడ్ లేదు

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో ఎన్నికలొచ్చాయని ముందుగా పసిగట్టేది అడవిపందులే. ఆ వారమే కదా మా మావయ్య తుపాకీ స్టేషన్‌కి పోయేది!

పంట కాపలాకని లైసెన్సు ఇచ్చిన తుపాకీ అది. గొట్టంలో మందు కూరి గాల్లోకి పేల్చాలి. ఇంతవరకు దానివల్ల గాయపడింది ఒక్క తాటిచెట్టే. అయినా 2019లో ఆయుధాల చట్టం మార్చి, మనిషికి మూడు తుపాకులన్నది ఒకటికి దించుతామని కేంద్రం అంటే మావయ్యకి అన్నం సయించలేదు. తాతల నాటి తుపాకులున్నవాళ్లు, షూటర్లు గోలపెట్టారు. చివరికి బేరం రెండు దగ్గర తెగింది. "మనం గెలిచాం అల్లుడూ" అన్నాడు. ఆయనకున్నదే ఒకటి.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది, దాంతోపాటే ఎన్నికల కోడ్. ఎవరెవరు తుపాకులు జమ చేయాలో జిల్లా కమిటీ తేలుస్తుంది. పోటీలకెళ్లే రైఫిల్ అసోసియేషన్ షూటర్లకి మినహాయింపు ఉంటుందని విని, "నేనూ క్రీడాకారుణ్ణే" అన్నాడు మావయ్య.

"పందులతో దాగుడుమూతలు ఒలింపిక్స్‌లో లేవు" అంది అత్తయ్య.

తుపాకీకి కొబ్బరినూనె రాసి, తళతళలాడించి, దుప్పటి చుట్టి నా స్కూటరెక్కాడు. దారిలో ఒకావిడ "చాప ఎంతకిచ్చాడు బాబూ?" అని అడిగింది.

అమెరికాలో తుపాకులవాళ్ల సంఘం 1871లోనే పుట్టింది. చట్టసభల వాళ్లకి ఏ, బి అని గ్రేడ్లు కూడా వేస్తుంది. మా పందులకి సంఘం లేదు, చందా లేదు. మొక్కజొన్న మాత్రం మొత్తం వాటిదే.

జూన్ 4న లెక్కింపు అయింది. స్టేషన్‌కి వెళ్తే "కాలి ఆసన్తు". అంటే రేపు రండి. అలా నాలుగు రేపులయ్యాక తుపాకీ బయటికొచ్చింది, ఇటుక రంగులో.

"ఇది నాది కాదు" అన్నాడు మావయ్య.

"చీటీ మీదేగా?" అన్నాడు రికార్డుల బాబు.

"చీటీ నాదే. తుపాకీ నాది కాదు."

నంబరు చూద్దామంటే తుప్పు కింద ఉంది. హోంగార్డు రూపాయి బిళ్లతో గీకాడు. ముందు 7 బయటపడింది, తర్వాత 4. మావయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చి చింతపండుతో తోమి, ఆ రాత్రే మందు కూరి చేలోకి నడిచాడు. టార్చి నేను పట్టుకున్నాను. ట్రిగ్గర్ నొక్కితే చిటుక్కుమంది, అంతే. పెద్ద పంది తలెత్తి మావయ్యని ఒకసారి చూసి, మళ్లీ కండె అందుకుంది.