పాస్‌పోర్టుకే మొదటి మార్కు

విదేశంలో ఇంగ్లీషు చెప్పాలంటే భాష వస్తే చాలదు, పుట్టిన దేశం కూడా కలిసిరావాలి. దక్షిణ కొరియానే చూడండి. సంభాషణ నేర్పేవారికిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా 7 దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ప్రైవేటు సంస్థలో చేరడానికి వాళ్లకు ఏదో ఒక డిగ్రీ చాలు, అది రసాయనశాస్త్రంలో అయినా సరే! మనకూ ఓ సందు తెరిచారు లెండి. 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద భారతీయులు ప్రభుత్వ బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా వెళ్లవచ్చు. కానీ మననుంచి డిగ్రీతో పాటు ఉపాధ్యాయ అర్హత పత్రం కూడా అడుగుతారు. ఎక్కువ చదివినవాడు సహాయకుడు, యాస ఉన్నవాడు గురువు. ఇదేం లెక్కో!

ఏ దేశమైనా సరే, తీరా చేరాక కొత్త చికాకులు. తప్పు మాట్లాడితే నలుగురిలో పరువు పోతుందని పిల్లలు నోరు విప్పరు. అది అర్థం చేసుకోవచ్చు, పిల్లలు కదా. పెద్దల సంగతే మింగుడుపడదు. రేపు క్లాసు రద్దని ఊరంతటికీ తెలుస్తుంది, ఆ క్లాసు చెప్పాల్సిన మనకు తప్ప. నివాస కార్డు లేనిదే బ్యాంకు ఖాతా ఇవ్వరు, ఖాతా లేనిదే జీతం వేయరు. అద్దె మాత్రం ఏ కార్డూ అడగకుండా ఒకటో తారీఖునే వసూలు చేస్తారు.