బోరు మోటారు పాట

నేను వినేది మా ఆవిడ లెక్కలో సంగీతం కాదు, మిక్సీ జారులో చెంచా పడిన చప్పుడు. డ్రమ్స్ దడదడతో, అరుపులతో పరుగెత్తే ఈ రాక్ సంగీతం పేరు గ్రైండ్‌కోర్. ఆ పేరులోనే రుబ్బుడు ఉన్నప్పుడు ఆవిడను తప్పు పట్టడమెలా?

నాకు నచ్చేది ఆ పాటల్లోని పొదుపు. బర్మింగ్‌హామ్ కుర్రాళ్ల బృందం నేపామ్ డెత్ 1987లో తెచ్చిన 'స్కమ్'లో 28 పాటలున్నాయి. అన్నీ కలిపి సుమారు 33 నిమిషాలు. అందులో 'యు సఫర్' నిడివి 1.316 సెకన్లు, ప్రపంచంలోకెల్లా పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎందుకయ్యా ఈ బాధ అని నాలుగు ఇంగ్లీషు మాటల్లో అరిచేసి వెళ్లిపోతారు. మెహిదీపట్నం నుంచి నల్లకుంట దాకా స్కూటరు నడిపి వచ్చినవాడికి మిగిలే ప్రశ్న కూడా అదే. దానికి పల్లవి, చరణాలు కట్టే ఓపిక ఎవరికుంటుంది?

మొన్న మే నెల ఆదివారం ఆవిడ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లింది. ఇదే అదనని కొత్త స్పీకరును బాత్రూం కిటికీలో పెట్టి, 'స్కమ్' మొదలుపెట్టి స్నానానికి దిగాను. ఆ కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది. డక్టు కింద మా బోరు స్టార్టరు పెట్టె ఉంటుంది.

నిరుడు ఎండాకాలం నీళ్లందక మోటారు కాలిపోతే తిట్లన్నీ మా వాచ్‌మన్‌కే పడ్డాయి. పాపం, పైనుంచి గడగడ వినగానే పరుగెత్తుకెళ్లి స్విచ్చి కట్టేశాడు. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది. అనుమానం తీరక మళ్లీ వేశాడు. రెండో పాట మొదలైంది. కట్టేశాడు. ఆగింది. ఇంతకు మించిన రుజువు ఏ మెకానిక్ చూపించగలడు? ఏడు నిమిషాల పాటలు వినే అలవాటు నాకుంటే ఈ గొడవే ఉండేది కాదు.

నా మొహం నిండా సబ్బు ఉండగా కుళాయి ఒకసారి గురగురమని ఊరుకుంది. తువ్వాలు చుట్టుకుని, ఒక కన్ను మూసుకుని కిందికి దిగేసరికి సగం అపార్ట్‌మెంటు బకెట్లతో నిలబడి ఉంది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నెలనెలా మెయింటెనెన్స్ కట్టించుకుంటారు, మోటారు సంగతి పట్టదా అని నిలదీశాను.

"చప్పుడు ఎలా వచ్చిందో సార్‌కు చెప్పు," అన్నారు మూడో అంతస్తు మాస్టారు.

"డడడడడడ... వ్వ్వా... డడడడ..." అన్నాడు వాచ్‌మన్, చేతులు కూడా ఆడిస్తూ.

రెండో పాటలో డ్రమ్స్ వచ్చే చోటు. ఒక్క దెబ్బ తప్పలేదు. నా మూసిన కన్ను కూడా తెరుచుకుంది. సబ్బు మండింది.

ఒప్పుకోక తప్పలేదు. స్పీకరు కిందికి తెచ్చి, అందరి ముందూ ముందుగా పొట్టి పాట వినిపించాను.

మాస్టారు చెవి దగ్గరగా పెట్టి, "ఊఁ, మొదలుపెట్టవయ్యా," అన్నారు.

"అయిపోయిందండీ."

ఆయన నమ్మలేదు. ఈసారి కాస్త పొడుగు పాట వేశాను. అప్పటికే ఎవరో పిలిపించిన మోటారు మెకానిక్ సంచీ దించి, తల పక్కకు వాల్చి శ్రద్ధగా విన్నాడు.

"బేరింగ్ పోయింది సార్," అన్నాడు. "పైకి తీయాల్సిందే."