మహాలక్ష్మీ సమానురాలైన అమెరికా దారిద్ర్యరేఖ గారికి

టెక్సాస్ నుంచి మీ శ్రేయోభిలాషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. వాషింగ్టన్‌లో మీరూ క్షేమమేనని ఏటా జనవరిలో వచ్చే మీ కొత్త అంకెలు చూసి తెలుసుకుంటున్నాం. షష్టిపూర్తి దాటింది. ఇల్లు మారింది, తిండి మారింది, దేశమే మారింది. మీరు మాత్రం ధరల సూచీ మాత్ర ఒక్కటి వేసుకుని నిక్షేపంలా ఉన్నారు. ఆ రహస్యం ఏమిటోనని మీ జాతకం తిరగేశాను.

మిమ్మల్ని కన్నది మోలీ ఒర్షాన్‌స్కీ. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఆర్థికవేత్త. 1963 ప్రాంతంలో ఆవిడ చేతిలో ఉన్న సరుకు రెండే. ఒకటి, వ్యవసాయ శాఖ 1955లో చేసిన సర్వే. కుటుంబాలు ఆదాయంలో సుమారు మూడో వంతు తిండికే పెడుతున్నాయని అది తేల్చింది. రెండోది, అదే శాఖ వేసిన భోజన ప్రణాళికల్లో అన్నిటికన్నా చవకైనది. డబ్బు ఆడనప్పుడు తాత్కాలికంగా వాడుకోండని ఆ శాఖే జాగ్రత్త చెప్పి మరీ ఇచ్చిన ప్లాన్ అది. ఆ చవక తిండి ఖరీదును మూడుతో గుణించారు. మీరు పుట్టారు.

ఆ ప్లాన్‌లో వంటంతా ఇంట్లోనే. వండే ఇల్లాలికి ఏది ఎక్కడ చవకో తెలియాలి, చెంచాడు కూడా వృథా కాకూడదు. దారిలో ఆగి ఒక కాఫీ తాగితే లెక్క తప్పినట్టే. ఇల్లాలు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి డేకేర్ ఖర్చు అనేది ఎవరి బుర్రలోకీ రాలేదు. ఇప్పుడు సగటు కుటుంబానికి తిండి ఖర్చు ఆదాయంలో పది పన్నెండు శాతం. మిగిలినదాన్ని అద్దె, డేకేర్, ఇన్సూరెన్స్ పంచుకుని తినేస్తున్నాయి. మీరింకా గరిటె పట్టుకుని ఆ పాత మూడు రెట్ల లెక్కనే నమ్ముకుని ఉన్నారు.

ఒర్షాన్‌స్కీ గారిని నేను అనను. ఎంతుంటే చాలో చెప్పలేకపోయినా, ఎంతుంటే బొత్తిగా చాలదో చెప్పవచ్చన్నదే ఆవిడ వాదన. 1964లో పేదరికం మీద యుద్ధం ప్రకటించిన లిండన్ జాన్సన్ సర్కారుకు శత్రువు ఎక్కడున్నాడో చూపించే గీత అర్జెంటుగా కావాల్సి వచ్చింది. చేతికి దొరికింది మీరు. 1969కల్లా పర్మనెంట్ పోస్టింగ్ కూడా వచ్చేసింది.

చిన్నప్పటి మీ చేష్టలు కూడా విన్నాను లెండి. పొలం ఉన్న కుటుంబాన్ని పేదదని ఒప్పుకోవాలంటే అది పట్నం కుటుంబం కన్నా ఇంకా తక్కువలో బతకాలి. ఆడమనిషి ఇంటి పెద్దయితే ఆ ఇంటికి మీ గీత మరికాస్త కింద. ఆడవాళ్ళు తక్కువ తింటారు కదా అని. 1981లో గానీ ఆ బుద్ధి మానలేదు. ఊరిని బట్టి మాత్రం ఇప్పటికీ తేడా చూపించరు. 2025లో నలుగురున్న ఇంటికి 32,150 డాలర్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలో అయినా సరే, మిసిసిపీలో మారుమూల పల్లె అయినా సరే. అలాస్కా, హవాయిలకు మాత్రం వేరే లెక్క ఉంది. మిగతా దేశమంతా ఒకే అద్దె అని మీకెవరు చెప్పారో!

మీ చూపు సంగతి పండితులకు తెలియక కాదు. 1995లోనే నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ ఒకటి మిమ్మల్ని నఖశిఖపర్యంతం పరీక్షించి, కొలత మార్చాల్సిందేనని రాసిచ్చింది. పదహారేళ్ళు ఆలోచించి, 2011లో సెన్సస్ వాళ్ళు అనుబంధ పేదరిక కొలత (SPM) అని మీకో చెల్లెల్ని తెచ్చారు. ఆవిడ అద్దె చూస్తుంది, పన్ను చూస్తుంది, పేదల తిండికి సర్కారిచ్చే ఫుడ్ స్టాంపులూ లెక్కేస్తుంది. అంత తెలివైనది కాబట్టే ఆవిడకు ఏ అధికారమూ ఇవ్వలేదు. పేదరికం గురించి పేపర్ రాయాలంటే పరిశోధకులు ఆవిడ దగ్గరికి వెళతారు. పేదవాడికి ఏదైనా ఇవ్వాలంటే సర్కారు మీ దగ్గరికి వస్తుంది.

2021లో ఏం జరిగిందో మీకు తెలియదు, చెబుతాను. కోవిడ్ కాలంలో పిల్లల పన్ను రాయితీ పెంచారు. ఆరేళ్ళ లోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000. అందులో సగం జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా బ్యాంకులో పడింది. ఆ డబ్బుతో తల్లిదండ్రులు ఏం చేశారని సర్వేలు అడిగితే తిండి, బట్టలు, బిల్లులు, పాత అప్పులు అన్నారు. మీ చెల్లెలి లెక్కలో పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. ఆవిడ అంతకు ముందెప్పుడూ అంత తక్కువ చూడలేదు. తర్వాత కాంగ్రెస్ ఆ పథకాన్ని పొడిగించలేదు. 2022లో అదే అంకె 12.4. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది.

మీ లెక్క? 2021లో 15.3, 2022లో 15. పన్ను రాయితీలు మీ కంటికి ఆనవు కాబట్టి, లక్షలాది పిల్లలు పైకి వచ్చి మళ్ళీ కింద పడుతుంటే, మీరు మాత్రం పరిస్థితి ఒక పిసరు మెరుగుపడిందని రాసుకున్నారు.

మా టెక్సాస్‌లో మీ లీల మరీ చూడముచ్చట. ఒబామా ఆరోగ్య బీమా చట్టం రాసినప్పుడు, మీ కిందున్న వాళ్ళను మెడికెయిడ్ అనే సర్కారు బీమా చూసుకుంటుందనీ, పైనున్న వాళ్ళకు ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి సబ్సిడీ ఇద్దామనీ అనుకున్నారు. మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. పది రాష్ట్రాలు ఇప్పటికీ మాకొద్దంటున్నాయి, మాది అందులో పెద్దది. దాంతో పిల్లల్లేని మనిషి ఇక్కడ ఏడాదికి 17,000 డాలర్లు సంపాదిస్తే సబ్సిడీ వస్తుంది. 14,000 సంపాదిస్తే మెడికెయిడూ లేదు, సబ్సిడీ కూడా లేదు. సాయం అందుకోవడానికి తగినంత డబ్బు లేని పేదవాడన్న మాట. అలాంటి మనిషి పార్ట్‌టైమ్ గంటలు ఇంకో నాలుగు ఇప్పించమని మేనేజర్‌ని బతిమాలుకునేది జీతం కోసం కాదు, మిమ్మల్ని దాటడం కోసం.

ఇండియాలో మీ చుట్టాలు కూడా తక్కువ తినలేదు. 2011లో ప్రణాళికా సంఘం పట్నంలో రోజుకు 32 రూపాయలు చాలునని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. కాకపోతే అక్కడ జనం నవ్వారు, తిట్టారు, టీవీల్లో చర్చలు పెట్టారు. ఇక్కడ మీ పేరు తెలిసినవాళ్ళే తక్కువ.

ఇక అసలు విషయానికి వస్తాను. మా అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు అప్లై చేస్తున్నాను. ఐ-864 ఫారం నింపుతుంటే అందులోనూ మీరే కూర్చున్నారు. వాళ్ళు ఇక్కడి సర్కారుకు భారం కారని నేను రాసివ్వాలట, నా ఆదాయం మీకన్నా పాతిక శాతం పైన ఉండాలట. మేం నలుగురం, వాళ్ళిద్దరు, మొత్తం ఆరుగురం. 2025 లెక్కన 53,937 డాలర్లు. లేఆఫ్ తర్వాత నాకు దొరికిన కొత్త ఉద్యోగంలో జీతం దానికి ఆ కొసనో ఈ కొసనో ఉంది.

కాబట్టి పైన రాసినవేవీ మనసులో పెట్టుకోకండి. పిల్లలున్న ఇంటికి మీరు చాలా తక్కువని ఎవరెన్ని పేపర్లు రాసినా చెవిన పెట్టకండి. వచ్చే జనవరిలో మాత్రం కాస్త చిన్న అడుగే వేయండి.

ఇట్లు,
మీకు కొద్దిగా ఎగువన నివసించు విధేయుడు