శాలరీ క్యాప్ కట్టుకథ అనేవారికి

ఏటా మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఒప్పందాల వార్తలు మొదలుకాగానే ఒక మాట చేతులు మారుతూ తిరుగుతుంది. "ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాలరీ క్యాప్ అన్నది ఉత్త కట్టుకథ. తలచుకున్న జట్టు ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు, లెక్కలు తిప్పి రాసేవాడు ఒకడుంటే చాలు." ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్; శాలరీ క్యాప్ అంటే ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకు ఏడాదికి పెట్టే ఖర్చుపై అది విధించే పరిమితి. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా ఈ ఆటకు అలవాటుపడిన మన తెలుగువాళ్లూ దీన్ని అంతే నమ్మకంగా పంచుకుంటున్నారు. రుజువుగా చూపే అంకెలు చాలావరకు నిజమైనవే. వాటిమీద ఇచ్చే తీర్పుతోనే నా తగువు.

ముందు మనకు తెలిసిన ఐపీఎల్ సంగతి చూద్దాం. 2025 సీజను కోసం ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌కు 23 కోట్లు, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు, మొత్తం ఐదుగురికి 75 కోట్లు కేటాయించి, మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్లింది. లెక్క అక్కడితో సరి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలైన పరిమితి 2025కి 27.92 కోట్ల డాలర్లయింది. జట్లన్నిటికీ అదే అంకె. అయితే అక్కడ డబ్బు చేతికిచ్చే ఏడాది వేరు, అది పద్దులో పడే ఏడాది వేరు కావచ్చు. అపోహ పుట్టింది ఈ సందులోనే.

"ఒప్పందం తిరగరాస్తే గాలిలోంచి డబ్బు పుడుతుంది."

పుట్టదు. ఒక ఆటగాడికి ఈ ఏడాది జీతం 2 కోట్ల డాలర్లు అనుకుందాం. అందులో 1.8 కోట్లను బోనస్‌గా మార్చి జట్టు ఇప్పుడే చేతిలో పెడుతుంది. నిబంధనల ప్రకారం బోనస్‌ను గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచి పద్దు రాయవచ్చు. అంటే ఏడాదికి 36 లక్షలు. మిగిలిన 20 లక్షల జీతంతో కలిపి ఈ ఏడాది పద్దులో పడేది 56 లక్షలే. 1.44 కోట్లు మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ 1.44 కోట్లు రాబోయే నాలుగేళ్ల నెత్తిన కూర్చున్నాయి. వచ్చే మార్చిలో ఆ ఆటగాణ్ణి వదిలేస్తే అదంతా ఒక్కసారిగా ఆ ఏడాది మీదే పడుతుంది. జూన్ 1 తర్వాత వదిలేసినట్టు చూపితే రెండేళ్లకు విడిపోతుంది. అంతకుమించి తప్పించుకునే దారి లేదు. దీన్నే డెడ్ మనీ అంటారు: జట్టులో లేని మనిషి పేరున ఖర్చు రాయడం.

ఒప్పందం చివర వాయిడ్ సంవత్సరాలు తగిలించడమూ ఇలాంటిదే. ఆ ఏళ్లలో ఆటగాడు ఆడడని ఇద్దరికీ తెలుసు, బోనస్‌ను పరచడానికే వాటిని చేరుస్తారు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ 2023 ఫిబ్రవరిలో ఆటకు వీడ్కోలు చెప్పారు. ఆ ఏడాది టాంపా బే జట్టు పద్దులో ఆయన పేరున 3.51 కోట్ల డాలర్లు పడ్డాయి. ఒక్క బంతి విసరని మనిషికి!

"పరిమితి ఏటా పెరుగుతుంది కాబట్టి పాత బాకీ చిల్లర అయిపోతుంది."

ఈ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటాను. ఈ బాకీకి వడ్డీ లేదు. పరిమితి 2024లో 25.54 కోట్ల నుంచి మరుసటి ఏడాదికి 27.92 కోట్లకు పెరిగితే, నిరుడు వాయిదా వేసిన కోటి డాలర్ల బరువు కొంత తగ్గినట్టే. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఈ వెసులుబాటును అందరికంటే తెలివిగా వాడుకుంటోంది. చెక్కు ముందే రాయగల యజమాని ఉన్న జట్టుకు ఇక్కడ మేలు జరుగుతుందన్నదీ నిజం. కానీ "ఏటా" అన్న మాట మాత్రం తప్పు. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీగా ఉన్న సీజను తర్వాత, 2020లో 19.82 కోట్లున్న పరిమితి 2021లో 18.25 కోట్లకు దిగింది. రేపటి పెంపును ఈ రోజే తినేసినవాళ్లకు ఆ మార్చి ఎలా గడిచిందో చివరలో చెబుతాను.

"దాటినా అడిగేవాడు లేడు."

ప్రతి ఒప్పందం లీగ్ ఆమోదం పొందాలి. 1990లలో చాటుగా పరిమితిని ఉల్లంఘించినందుకు శాన్ ఫ్రాన్సిస్కో, డెన్వర్ జట్లు జరిమానాలు కట్టి డ్రాఫ్టు (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అవకాశాలు కూడా పోగొట్టుకున్నాయి. 2010లో పరిమితే లేదు. ఆ ఏడాదిలోకి ఖర్చంతా తోసేసి తర్వాతి ఏళ్లను తేలిక చేసుకున్నాయని 2012లో వాషింగ్టన్‌కు 3.6 కోట్లు, డాలస్‌కు కోటి డాలర్ల మేర పరిమితిని కోశారు. ఆ శిక్ష న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అడిగేవాడు మాత్రం ఉన్నాడు.

"డెన్వర్ 8.5 కోట్లు నీళ్లపాలు చేసీ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది కదా?"

నన్ను నిజంగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. 2024 మార్చిలో డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదిలేసింది. డెడ్ మనీ 8.5 కోట్ల డాలర్లు. రెండేళ్లకు విడదీయగా 2024లోనే దాదాపు 5.3 కోట్లు పడ్డాయి. విల్సన్ కనీస వేతనానికి పిట్స్‌బర్గ్‌లో ఆడుతుంటే, అసలు జీతం డెన్వరే ఇచ్చింది. అయినా డెన్వర్ 10 గెలిచి, 7 ఓడి, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) నెగ్గిన 2015 సీజను తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ చేరింది.

ఎలా చేరింది? విల్సన్ స్థానంలోకి డ్రాఫ్టులో 12వ ఎంపికగా వచ్చిన బో నిక్స్‌కు నాలుగేళ్లకు కలిపి కూడా 2 కోట్ల డాలర్లు లేవు. కొత్తవాళ్ల జీతాలు ఎంపిక వరుసను బట్టి ముందే ఖరారై ఉంటాయి, బేరానికి చోటు తక్కువ. విల్సన్ 5.3 కోట్లకు నిక్స్ వాటా కలిపితే, ఆ ఒక్క స్థానానికి డెన్వర్ పెట్టిన ఖర్చు ఒక పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఖర్చంత అవుతుంది. ఆ సెప్టెంబరులో డాక్ ప్రెస్కాట్ డాలస్‌తో ఏడాదికి 6 కోట్ల చొప్పున సంతకం చేశాడు. అంటే డెన్వర్ పరిమితిని మోసం చేయలేదు, ఇద్దరు మనుషుల పేరున ఒకరి ధర కట్టింది. టాంపా బే కూడా బ్రేడీ వెళ్లిన ఏడాది చవకగా దొరికిన బేకర్ మేఫీల్డ్‌తోనే నెట్టుకొచ్చింది. డెన్వర్ మాత్రం అదే మార్చిలో తన అత్యుత్తమ సేఫ్టీ (వెనక వరుస రక్షకుడు) జస్టిన్ సిమన్స్‌ను వదులుకుంది, జెర్రీ జ్యూడీని క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేసింది. డ్రాఫ్టులో నిక్స్ తగలకపోయి ఉంటే ఈ ఉదాహరణ ఎవరూ చెప్పేవారు కాదు.

చవక క్వార్టర్‌బ్యాక్ ఖరీదైన రోజున ఏమవుతుందో శాన్ ఫ్రాన్సిస్కోను అడగాలి. 2022 డ్రాఫ్టులో చిట్టచివరి, 262వ ఎంపికైన బ్రాక్ పర్డీ మూడేళ్లపాటు ఏడాదికి 10 లక్షల డాలర్లకు అటూఇటూగా ఆడాడు. 2025 మేలో ఐదేళ్లకు 26.5 కోట్ల ఒప్పందం చేసుకున్నాడు. దానికి ముందు మార్చిలోనే డీబో శామ్యూల్, డ్రే గ్రీన్‌లా, టలనోవా హుఫాంగా, షార్వేరియస్ వార్డ్ నలుగురూ ఆ ఊరు విడిచారు. పరిమితి కట్టుకథ అయితే నలుగురినీ ఎందుకు పోనిచ్చారు?

"సెయింట్స్ 10 కోట్లు పైన ఉండి కూడా ఒక్క సంతకంతో సర్దేసింది."

అందరి తురుపుముక్క ఇదే. 2021 ఆరంభంలో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ పద్దు పరిమితికి దాదాపు 10 కోట్ల డాలర్లు పైన ఉంది. జనరల్ మేనేజర్ మిక్కీ లూమిస్ గడువులోగా దాన్ని కిందికి తెచ్చారు. ఇంతవరకు సరే. కానీ సర్దింది సంతకాలతో మాత్రమే కాదు, మనుషులతో కూడా. ఎమాన్యుయెల్ శాండర్స్, జనోరిస్ జెంకిన్స్ వెళ్లిపోయారు. అంతకుముందు సీజనులో 13.5 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసిన ట్రే హెండ్రిక్సన్ నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్లకు సిన్సినాటి చేరాడు. ఆ సీజనులోనే సిన్సినాటి సూపర్ బౌల్ ఆడింది. 2024లో అతను 17.5 శాక్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. అతణ్ణి నిలుపుకునే చోటు సెయింట్స్ పద్దులో లేదు.

2021 నుంచి 2024 వరకు నాలుగు సీజన్లలో సెయింట్స్ ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. జట్టు క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ వీడ్కోలు చెప్పడం పెద్ద కారణం, కాదనను. కానీ బ్రీస్ లాంటివాడు వెళ్లాక ఏ జట్టయినా ఒకటి రెండేళ్లు తగ్గి, పద్దు శుభ్రం చేసుకుని మళ్లీ కట్టుకుంటుంది. ప్రతి మార్చిలో పాత ఒప్పందాలనే మళ్లీ సాగదీస్తూ వచ్చిన సెయింట్స్‌కు ఆ తీరిక దొరకలేదు. వయసు పైబడిన ఆటగాణ్ణి వదిలేయడం కంటే ఉంచుకోవడమే పద్దులో చవకైనప్పుడు, జట్టును ఎంచుకునేది శిక్షకుడు కాదు, పాత బాకీ.

ఈ కట్టుకథ మాట విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది థామస్ మోర్‌స్టెడ్. సెయింట్స్ పంటర్, అంటే బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు అప్పగించేవాడు. పత్రికల మొదటి పేజీకి ఎక్కే స్థానం కాదు. 2010 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌తో సూపర్ బౌల్ రెండో సగం మొదలవుతుండగా, ఎవరూ ఊహించని ఆన్‌సైడ్ కిక్ (బంతి తిరిగి తన జట్టుకే దక్కేలా దగ్గరగా తన్నడం) కొట్టింది ఆయనే. బంతి సెయింట్స్ చేతికే చిక్కింది, ఆ ఊరికి తొలి కప్పు వచ్చింది. 2020లో ఆయన ఆట కొంత తగ్గిన మాట నిజమే. కానీ 2021 మార్చిలో, ప్రతి లక్ష డాలర్లనూ వెతుక్కుంటున్న వారంలో, 12 సీజన్లు ఆడిన ఆయన పేరును కూడా జట్టు కొట్టేసింది.