హైదరాబాద్ నుంచి డాలస్‌కు 17 గంటలా? ఎవరి లెక్కలో?

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని ఇంటర్నెట్‌లో వెతికితే సుమారు 14,400 కిలోమీటర్లనీ, విమానంలో 16, 17 గంటలు పడుతుందనీ క్షణంలో జవాబు వస్తుంది. దూరం సరైనదే. సమయం మాత్రం ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించి వేసిన అంకె. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా వెళ్లే విమానమే లేదన్న సంగతి ఆ లెక్కకు పట్టదు.

గ్లోబు మీద ఈ రెండు నగరాలనూ దారంతో కలిపితే అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ దారిలో హిమాలయాలు, కారాకోరం కొండలు ఉన్నాయి, రష్యా ఉంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం ఊపిరాడే ఎత్తుకు, అంటే 10,000 అడుగులకు దిగాలి, ఆ కొండల్లో నేలే అంతకన్నా ఎత్తు. రష్యా గగనతలం 2022 నుంచి అమెరికా, ఐరోపా విమానాలకు మూసి ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. అంటే గ్లోబు మీది ఆ దగ్గరి దారి అన్ని విమానాలకూ దొరికేది కాదు.

పోనీ, దూరం తగ్గితే సమయం తగ్గుతుందా అంటే అదీ లేదు. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయినా, పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలులు వెనక నుంచి తోయడం వల్ల ప్రయాణం రెండు గంటల దాకా తగ్గింది.

ఇదంతా ఇంత కోపంగా రాయడానికి కారణం మా పెద్దమ్మ. మనవడు ఫోన్‌లో చూసి 17 గంటలని చెబితే, ఆవిడ ఒక్కరోజుకు సరిపడా షుగర్ మాత్రలు చేతి సంచిలో ఉంచుకుని, మిగతావి చెకిన్ సూట్‌కేసులో సర్దేసింది. ఖమ్మంలో ఇల్లు కదిలి, శంషాబాద్‌లో మూడు గంటలు కూర్చుని, దుబాయ్‌లో విమానం మారి, అక్కడి నుంచి మరో 16 గంటలు ఎగిరి, ఇమిగ్రేషన్ క్యూ దాటి బయటికొచ్చేసరికి 30 గంటలు దాటింది. మాత్రలేమో విమానం ఇంకా ఆకాశంలో ఉండగానే అయిపోయాయి.

టికెట్టు చూసినా పెద్దవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. ఎక్కే వేళ హైదరాబాద్‌ది, దిగే వేళ డాలస్‌ది. మధ్యలో వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. వేసవిలో తెల్లవారుజామున 4.30కి ఎక్కి అదే రోజు సాయంత్రం 6కి దిగుతారని రాసి ఉంటే పదమూడున్నర గంటలే అనిపిస్తుంది, నిజానికి అది నిండా 24 గంటలు.

ఆ అంకె చూపే సైట్లు ‘ఎక్కడా ఆగకుండా ఎగిరితే’ అన్న ఒక్క ముక్క పక్కన రాస్తే వాటి సొమ్మేం పోతుందో తెలియదు. అవి రాసేదాకా, అమ్మానాన్నలను పంపేవాళ్లు టికెట్టులోని మొత్తం ప్రయాణ సమయానికి ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు పట్టే గంటలు కూడా కలిపి చూసుకుని, కనీసం మూడు రోజుల మందులు, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టండి.