మేయర్ క్విన్సీ గొప్పోడేనా? మా అక్కతో గొడవ

తమ్ముడు: అక్కా నువ్వేమన్నా అను, మేయరంటే జొసయా క్విన్సీనే. అమెరికాలో బోస్టన్ సిటీ అయ్యిందే 1822లో, ఈయన 1823లో రెండో మేయర్‌గా వచ్చాడు, తెల్లారకముందే గుర్రమెక్కి వీధులన్నీ తిరిగేవాడు, ఎక్కడ చెత్త పేరుకుంది ఎక్కడ కాలవ కంపు కొడుతోంది అన్నీ తనే చూసుకునేవాడు.

అక్క: ముందు పేరు సరిగ్గా పలుకు, అక్కడోళ్ళు క్విన్జీ అంటారు. తనే చూసుకునేవాడు అంటున్నావ్ చూడు, నా గొడవ కూడా అదే, కమిటీలన్నిటికీ తనే చైర్మన్, ఇంక మిగతావాళ్ళెందుకు?

తమ్ముడు: ఆ కమిటీలకి వదిలేసుంటే మార్కెట్ లేచేదా? ఊళ్ళో పాత మార్కెట్ ఉన్న ఫాన్యుల్ హాల్ దగ్గర బళ్ళతో ఇరుకిరుగ్గా ఉండేది, వెనకాల మురికి పట్టిన పాత రేవుని మట్టితో పూడ్చి, 535 అడుగుల పొడుగు గ్రానైట్ బిల్డింగ్ కట్టించాడు, 1825లో శంకుస్థాపన, 1826కల్లా రెడీ. పక్కన స్థలాలు ప్లాట్లేసి అమ్మి ఖర్చు రాబట్టాడు. మన రియల్ ఎస్టేట్ వాళ్ళకి గురువు!

అక్క: అంత తెలివైనోడికి ఆడపిల్లల స్కూలు దగ్గరకొచ్చేసరికే డబ్బుల్లేకుండా పోయాయా? మగపిల్లలకి 1821 నుంచే ఇంగ్లీష్ హైస్కూల్ ఉంది. ఆడపిల్లలకి 1826లో తెరిచారు, 1828లో మూసేశారు, మూయించింది మీ మేయరే. కారణం విను, మగపిల్లలైతే పన్లు దొరగ్గానే మధ్యలో మానేస్తారంట, ఈ పిల్లలు మాత్రం ఒక్కరూ మానట్లేదంట, పైగా చేరతామని వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారంట, ఇలాగైతే ఖర్చు భరించలేమంట. ఒరే, బడి బాగా నడుస్తోందని బడి మూసేవాణ్ణి ఎక్కడైనా చూశావా?

తమ్ముడు: అదొక్కటే పట్టుకుంటే ఎలా... హైస్కూల్ కంటే కింది బడులు, గ్రామర్ స్కూళ్ళలోనే ఆడపిల్లలు 16 ఏళ్ళ దాకా చదువుకోవచ్చన్నాడు కదా.

అక్క: పెద్ద స్కూలు మూసేసి చిన్న స్కూల్లోనే ఇంకొన్నాళ్ళు కూర్చోండమ్మా అనడం! మళ్ళీ హైస్కూల్ రావడానికి 1850ల దాకా ఆగాల్సొచ్చింది.

తమ్ముడు: సర్లే, దెబ్బ తిన్నాడుగా. ఏడాదికొకటి చొప్పున వరసగా ఆరు టర్మ్‌లు చేసినోడికి 1828 డిసెంబర్ ఎలక్షన్‌లో రెండుసార్లు ఓటింగ్ పెట్టినా మెజారిటీ రాలేదు, ఇంక చాలని తప్పుకున్నాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని మార్చాడని మంటలార్పే పాత ఫైర్ కంపెనీల వాళ్ళకీ కోపమే, స్కూలు మూసినందుకు ఆ పిల్లల తండ్రులకీ కోపమే.

అక్క: తండ్రులకే ఓటుంది మరి, తల్లులకెక్కడిది. ఆ తర్వాత వెళ్ళిందెక్కడికో చెప్పవేం? 1829లో హార్వర్డ్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్, 16 ఏళ్ళు. అప్పట్లో అక్కడ మగపిల్లలకే చదువు, ఆడపిల్లలు ఎక్కువైపోతారన్న బెంగే లేదు.