‘బౌద్ధంలో పితృకార్యానికి చోటు లేదు’ అన్న వాదానికి ఖండన

మహాలయ పక్షం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. కర్మ ఎవరిది వారిదేనని బుద్ధుడన్నాడు గనుక గతించినవారికి పుణ్యం పంచడం ఆయన బోధకు విరుద్ధమనీ, భిక్షువులు తమ భుక్తి కోసం బ్రాహ్మణ శ్రాద్ధాన్ని తెచ్చుకున్నారనీ, కాదంటే ఇది చైనాలో పుట్టిన ఆచారమనీ దాని సారాంశం.

బుద్ధుడు ఏమన్నాడో ముందు చూద్దాం. బుద్ధుడి బోధల పాలి సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో జాణుస్సోణి అనే బ్రాహ్మణుడు, తాము పెట్టే శ్రాద్ధాలు పోయిన బంధువులకు అందుతాయా అని సూటిగానే అడుగుతాడు. నరకంలోనో, పశువుగానో, మనిషిగానో, దేవతగానో పుట్టినవారికి అక్కడి ఆహారమే ఆధారమనీ, ప్రేతలోకంలో ఉన్నవారికి మాత్రం ఆ దానం చేరుతుందనీ బుద్ధుడు జవాబిస్తాడు. తలచుకున్న బంధువు అక్కడ లేకపోతే మరో బంధువు అందుకుంటాడు. ఇంత సుదీర్ఘ సంసారంలో ఆ లోకంలో మనవారంటూ ఎవరూ లేకపోవడం అసంభవం. అలాంటి మరో సంకలనం దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం (సుత్తం అంటే బోధ) కూడా, సంతానం తల్లిదండ్రులకు చేయవలసిన ఐదు విధుల్లో చివరిదిగా, వారు గతించాక వారి పేర దానమివ్వడాన్ని పేర్కొంటుంది.

అయితే కర్మ నియమం మాటేమిటి? సందేశంలో ఆలోచించదగ్గ ప్రశ్న ఇదొక్కటే, దీన్ని థేరవాదులు (శ్రీలంక, ఆగ్నేయాసియాల్లో నిలిచిన బౌద్ధ శాఖవారు) ఎప్పుడో ఎదుర్కొన్నారు. ఇక్కడ ఇచ్చిన వస్తువుతోనే అక్కడివారు బతుకుతారన్న పక్షాన్ని కథావత్థు తిరస్కరించింది. తమ పేర జరిగిన దానాన్ని చూసి ప్రేతలు మనసారా సంతోషిస్తారు. ఆ అనుమోదన వారు స్వయంగా చేసుకున్న కుశల (మంచి) కర్మ, ఫలించేది అదే. అందుకే పది పుణ్యక్రియల జాబితాలో పుణ్యాన్ని పంచడం (పత్తిదానం), దాన్ని అనుమోదించడం (పత్తానుమోదన) రెండు వేర్వేరు క్రియలుగా ఉన్నాయి. శ్రీలంకలో మృతుల పేర సంఘానికి దానమిచ్చాక, బంధువులు గిన్నె నిండి పొర్లేదాకా నీళ్లు పోస్తుంటే, నిండిన నదులు సముద్రాన్ని నింపినట్టు ఇక్కడ ఇచ్చింది ప్రేతలకు ఉపకరిస్తుందనే తిరోకుడ్డ సుత్తపు గాథను భిక్షువులు పఠిస్తారు.

శ్రాద్ధంతో పోలిక ఉన్న మాట నిజమే. కంబోడియాలో పదిహేను రోజుల ప్చుమ్ బెన్ అనే పితృపండుగ మన మహాలయ పక్షంలోనే వస్తుంది, అన్నపు ముద్దలూ సమర్పిస్తారు. కానీ పోలిక ఉన్నంత మాత్రాన అర్థం ఒకటి కాదు: పదిరోజుల పిండాలతో ప్రేతకు శరీరం ఏర్పడుతుందన్న భావన బౌద్ధంలో లేదు. భిక్షువులకు భోజనం పెట్టడం ఆచారంలో భాగమే, అందులో దాచిందేమీ లేదు.

ఇక చైనా. ఏడవ నెల పున్నమినాటి ఉల్లంబనమనే పితృపండుగకు ఆధారమైన, బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతగా పుట్టిన తల్లిని ఉద్ధరించిన సూత్రం అక్కడే రచించబడిందని చాలామంది పండితుల అభిప్రాయం. దానితో నాకు పేచీ లేదు. అయితే బౌద్ధం చైనా చేరకముందే, మధ్యప్రదేశ్‌లోని క్రీ.పూ. 2వ శతాబ్దపు భర్హుత్ స్తూపంలో సంఘరక్షితుడనే దాత తన దానం ‘తల్లిదండ్రుల కోసం’ అని చెక్కించాడు. ఆ తల్లిదండ్రులు అప్పటికి బతికే ఉండవచ్చునని ఎవరైనా అంటే కాదనలేం. నాగార్జునకొండ మహాచైత్యం (పెద్ద స్తూపం) దగ్గర ఆ సందేహానికీ తావు లేదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఆయన మేనత్త చాంతిసిరి అక్కడ ఆయక స్తంభాన్ని (స్తూపపు దిక్కుల వేదికపై నిలిపే స్తంభాన్ని) నిలబెట్టింది. పుట్టినింటా మెట్టినింటా గతించినవారికీ, ఉన్నవారికీ, రాబోయేవారికీ దాని పుణ్యం చెందాలని శాసనంలో రాయించింది. అందుకు ఆమె వాడిన ప్రాకృత పదం ‘పరిణామేతునం’, అంటే ‘వారివైపు మళ్లించి’ అని.